పది మీటర్ల నడక

మా క్లినిక్‌కు ఎవరు కొత్తగా వచ్చినా నేను మొదట అడిగేది ఒకటే. మీ ఇంట్లో బాత్రూం ఎక్కడుంది? మెడ పట్టేసిందని వచ్చినవాళ్లు కూడా దీనికి జవాబు చెప్పాల్సిందే. చాలామంది ముఖం అదోలా పెడతారు. మొన్న ఒకాయన "నొప్పి మెడకున్నది మేడం, గా పనికి కాదు" అని విసుక్కున్నాడు. విసుక్కుంటే విసుక్కోనీ. గడప ఎంత ఎత్తు, తలుపు ఎటు తెరుచుకుంటుంది, లోపలికి పోయేటప్పుడు ఏ చెయ్యి దేన్ని పట్టుకుంటుంది, తిరిగి వచ్చేటప్పుడు ఏ చెయ్యి దేన్ని పట్టుకుంటుంది, ఇవన్నీ రాసుకున్నాకే బల్ల మీద పడుకోమంటాను. పీజీలో ఇది నాకు ఎవరూ నేర్పలేదు. పీజీ సీటు కోసం రెండోసారి దరఖాస్తు పెట్టుకున్న సంవత్సరం తొండుపల్లిలో ఒక ఇంట్లో నేర్చుకున్నాను.

అప్పటికి ఫిజియోథెరపీ డిగ్రీ పూర్తయి రెండేళ్లు. శంషాబాద్ బస్టాండు దగ్గర మందుల షాపు పైన, మొదటి అంతస్తులో ఉన్న చిన్న క్లినిక్‌లో పని. రెండు బల్లలు, నొప్పికి పెట్టే ఒక కరెంటు మిషను, భుజం తిప్పడానికి గోడకు బిగించిన ఇనుప చక్రం, మా సార్. సార్‌ది గోదావరి వైపు. అందరితో మర్యాదగా, అండీ అని మాట్లాడేవారు, నాతో కూడా. మా ఇల్లు బడంగ్‌పేట్‌లో, రోడ్లు పడకముందే ఇళ్లు లేచిన కాలనీలో. పొద్దున్నే స్కూటీ మీద విమానాశ్రయం వెనక దారిన వచ్చి మధ్యాహ్నం దాకా క్లినిక్‌లో ఉండేదాన్ని. ఆ తర్వాత మంచం దిగలేని పేషెంట్ల ఇళ్లకు వెళ్లేదాన్ని.

ఈ చదువు చదివినవాళ్లకు ఒక బాధ ఉంది, చెప్పుకుంటే నవ్వుతారు. మేం ఏం చేస్తామో ఎవరికీ తెలియదు. పెళ్లికి వెళ్తే మా మేనత్త అందరి ముందు కాలు చాపి, "మాలిష్ డాక్టరొచ్చింది, జర గీ మోకాలు జూడు" అనేది. నాకు ఒళ్లు మండేది. నాలుగున్నరేళ్లు ఎముకల పేర్లూ నరాల దారులూ బట్టీ పట్టింది ఇందుకా అని లోపల తిట్టుకుంటూ, పైకి మోకాలు చూసేదాన్ని. పీజీ చేస్తే, అందులోనూ నరాల విభాగంలో చేస్తే, ఈ మాలిష్ అనే మాట నన్ను వదులుతుందని నా నమ్మకం. మొదటి ఏడాది ప్రయత్నించాను. మన దగ్గర మార్కుల వరుసలో సీట్లు ఇస్తారు. ఆ వరుసలో నేను తోక చివర ఉన్నాను.

రెండో ఏడాది మా నాన్న అన్నం తింటూ, నా ముఖం చూడకుండా అన్నాడు. "గీ ఒక్కసారి జూడు బిడ్డా. ఇగ రాకపోతే ఆ రిసెప్షన్ నౌకరీకి ఒప్పుకో." ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్లో ఖాళీ ఉందని ఆయనకు ఎవరో చెప్పారు. ఏసీ గదిలో చీర కట్టుకుని నవ్వుతూ నిలబడాలి. నాకు నవ్వడం రాదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

అప్పుడే పక్క రాష్ట్రంలోని ఒక కాలేజీ ప్రకటన కనపడింది. వాళ్లకు మార్కులు ఒక్కటే కాదు. మొదటి రోజు నుంచి ఆఖరి రోజు దాకా మనం చూసిన ఒక పేషెంటు మీద కేసు రిపోర్టు రాసి పంపాలి, అది నచ్చితే ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఆ ప్రకటన నేను ఆరాంఘర్ చౌరస్తాలో, లారీల మధ్య ఇరుక్కుపోయి, ఫోనులో చదివాను. వెనకవాడు హారన్ కొడుతున్నా కదల్లేదు. నేను ఇంటికి వెళ్లి చూస్తున్న తొండుపల్లి పెద్దాయన మీద రాయాలని అక్కడే నిర్ణయించుకున్నాను.

పెద్దాయనకు అరవై దాటాయి. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయి, మాట మాత్రం పోలేదు. ఒకప్పుడు తోటకూర, బెండ, టమాటాలు పండించి శంషాబాద్ అంగడిలో అమ్మిన మనిషి. భూమి విమానాశ్రయానికి పోయాక, అదే విమానాశ్రయం లోపల గడ్డికి నీళ్లు పట్టే పనికి కుదిరాడు. పైపు పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోయాడట. కొడుకు క్యాబ్ నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. కోడలు ఉద్యోగానికి పోతుంది. పగలంతా ఆయన దగ్గర ఉండేది పెద్దమ్మే, అంటే ఆయన భార్య. వాళ్లను నేను పెద్దనాయినా, పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

మొదటి రోజు నేను వెళ్లేసరికి ఆయన ఎడమ కాలి మీద తొడ నుంచి మడమ దాకా ముదురు ఎరుపుగా ఏదో ఎండిపోయి ఉంది. దెబ్బేమో అని వంగి చూశాను. పెద్దమ్మ మెల్లగా చెప్పింది, పావురం నెత్తురు. ఎవరో చెప్తే పావురాన్ని తెచ్చి, వేడి నెత్తురు రాసి మర్దన చేశారట. నేను కస్సుమన్నాను. "నరం తలకాయల దెబ్బతిన్నది పెద్దమ్మా, కాలుకు నెత్తురు పూస్తే ఏమొస్తది? ఇంకోసారి గిట్ల జేస్తే నేను రాను." ఆమె గిన్నెలో వేడినీళ్లు తెచ్చి ఆ కాలు తుడిచింది. నా వయసు అప్పుడు ఇరవై అయిదు. అంత పెద్దామెను అంత గట్టిగా అనడం తప్పని నాకు తోచను కూడా తోచలేదు.

ఆ తర్వాత ఫైలు తెరిచి ఆయన్ని అడిగాను. "నీకేం కావాలె పెద్దనాయినా? ఏం జేయగలిగితే చాలు అనుకుంటున్నవ్?" ఇది మేం ప్రతివాళ్లనూ అడగాలి. ఆయన పెద్దమ్మ లోపలికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు. "నా దొడ్డికి నేను పోవాలె బిడ్డా. గదే. ముసల్దే కూసోబెడ్తది, ముసల్దే కడుగుతది. నలభై ఏండ్ల కాపురంల నాకు గింత సిగ్గెప్పుడు కాలే. గీ ఒక్కటి చేసిపెట్టు, ఇంకేమొద్దు."

నేను తల ఊపి, ఫైల్లో లక్ష్యం అని ఉన్న గడిలో ఇంగ్లిషులో రాశాను. ఎవరి సాయం, ఏ ఆసరా లేకుండా పది మీటర్లు నడవడం. మా పనిలో లక్ష్యం కొలతకు అందాలి. దొడ్డికి పోవడాన్ని స్టాప్‌వాచీతో కొలవలేం. పది మీటర్లయితే కొలవొచ్చు. అప్పుడు నాకది చాలా తెలివైన పనిగా అనిపించింది.

నాలుగు నెలలు పట్టింది. మంచం మీద పక్కకు తిరగడం, కూర్చోవడం, నిలబడడం, వాకర్ పట్టుకుని అడుగు వేయడం. వాకర్ మా క్లినిక్‌ది, కిరాయికి ఇచ్చాం. మూడో నెలలో ఆయన ఇంటి గడప దాటి వాకిట్లోకి వచ్చిన రోజున, పసిపిల్లలకు చేసినట్టు పెద్దమ్మ గారెలు చేసి వాడకట్టంతా పంచింది. నాకు ఒక డబ్బా నిండా కట్టి ఇచ్చింది. ఆ గారెలు మా నాన్న కూడా తిని, "నీ పనికి గిట్ల గూడ ఇస్తరా?" అని ఆశ్చర్యపోయాడు.

ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద సుద్దముక్కతో రెండు గీతలు గీశాను, మధ్య పది మీటర్లు. రోజూ అదే మా పరీక్ష. ఆయన వాకర్‌తో నడిచేవాడు, నేను నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని పక్కన నడుస్తూ టైం చూసేదాన్ని. విమానం దిగినప్పుడల్లా మాత్రం ఆగిపోయి తల ఎత్తేవాడు. "గది జూడు బిడ్డా, మా బాయి మీదికెల్లే దిగుతున్నది" అనేవాడు. ఏ విమానమైనా ఆయన లెక్కలో ఆయన బావి మీదనుంచే దిగేది. నాకు చిరాకు. "పైకి జూడకు పెద్దనాయినా, టైం పోతది" అని కసిరేదాన్ని. ఆయన తల దించుకుని మళ్లీ అడుగు వేసేవాడు.

బాత్రూం వాకిట్లో ఓ మూలన, ఇంటి నుంచి పన్నెండు అడుగుల్లో ఉండేది. నీళ్లు బయటికి రాకుండా గడప ఎత్తుగా కట్టారు. తలుపు ఇరుకు, వాకర్ పట్టదు. లోపల కుడివైపు గోడకు నల్లా పైపు ఉంది. నేను ఒకసారి తొంగి చూసి, కుడి చెయ్యి బాగానే ఉంది కదా, పైపు పట్టుకుని లోపలికి అడుగు వేస్తాడు, ఫరవాలేదు అనుకున్నాను. అంతే, తలుపు దగ్గరికి వేసి మళ్లీ గీతల దగ్గరికి వచ్చాను.

కేసు రిపోర్టు రాయాలంటే పేషెంటు ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలి. పెద్దాయన కుడి చేత్తో, ఒక్కో అక్షరం గట్టిగా ఒత్తి సంతకం పెట్టాడు. "నా మీద రాస్తున్నవా? కాలేజోళ్లు సదువుతరా?" అని రెండు మూడుసార్లు అడిగాడు. ఆ రోజు నుంచి వాడకట్టులో ఎవరు కనపడినా, "మా బిడ్డ నా మీద పుస్తకం రాస్తాంది" అని చెప్పేవాడు. నేను వెళ్లినప్పుడల్లా, "ఏం రాసినవ్? జర సదువు, నేను ఇంట" అనేవాడు. "ఇంకా అయిపోలే, అయినంక ఇనిపిస్త" అని దాటేసేదాన్ని.

గడువు దగ్గర పడింది. రిపోర్టు మొత్తం రాశాను, ఫలితం అన్న గడి ఒక్కటే ఖాళీ. అప్పటికి పెద్దాయన వాకర్‌తో పది మీటర్లు చక్కగా నడుస్తున్నాడు. వాకర్ లేకుండా అయితే నా చెయ్యి ఆయన నడుము మీద ఉండాల్సిందే. ఇంకో రెండు వారాలు దొరికితే చాలు, నడుస్తాడు. అందులో నాకు ఏ అనుమానమూ లేదు. గడువు మాత్రం రెండు రోజులు. లక్ష్యం గడిలో ఉన్న వాక్యాన్నే కాపీ చేసి ఫలితం గడిలో పెట్టాను. ఎవరి సాయం, ఏ ఆసరా లేకుండా పది మీటర్లు నడుస్తున్నారు. మా పనిలో ఉన్నవాళ్లకు ఇది ఎంత సులువో చెప్పలేను. రెండు గడులూ పక్కపక్కనే ఉంటాయి, వాక్యం ముందే తయారుగా ఉంటుంది.

సార్ సంతకం కావాలి కాబట్టి తీసుకెళ్లాను. ఆయన ఆ గడి దగ్గర ఆగారు. "నడుస్తున్నారా అమ్మా?"

"నడుస్తడు సార్. రెండు వారాల్లో ఖాయం."

సార్ కళ్లజోడు తీసి కాసేపు కాగితం వైపే చూశారు. "పేపరు ముందు వెళ్లిపోతే, ఆ మనిషి దాని వెనక పరిగెత్తాల్సి వస్తుందండీ. చూసుకోండి మరి" అన్నారు. అని సంతకం పెట్టేశారు. నేను ఆడపిల్లననీ, ఇది నాకు ఆఖరి ప్రయత్నమనీ ఆయనకు తెలుసు. ఆ సంతకంలో ఉన్నది జాలి. అప్పుడు దాన్ని నేను నమ్మకం అనుకున్నాను.

ఇక పరుగు మొదలైంది. అబద్ధం రాశానన్న ఆలోచన రాకుండా ఉండాలంటే అది నిజం కావాలి, త్వరగా కావాలి. రోజూ ఒకసారి వెళ్లేదాన్ని రెండుసార్లు వెళ్లాను. వాకర్ పక్కన పెట్టించాను. పెద్దాయన అలిసిపోయి "ఇగ చాలు బిడ్డా" అన్నా వినలేదు. పదో రోజున ఆ రెండు గీతల మధ్య ఆయన ఒక్కడే నడిచాడు. బెల్టు లేదు, వాకర్ లేదు, నా చెయ్యి లేదు. ఎడమ కాలు కొంచెం ఈడ్చాడు, అయినా ఆగలేదు. విమానం వెళ్లినా తల ఎత్తలేదు. నేను ఫోనులో వీడియో తీశాను. వాడకట్టు వాళ్లు చప్పట్లు కొట్టారు. నా కళ్ల వెంట నీళ్లు వచ్చాయి. ఆయన నడిచినందుకు అనే అందరూ అనుకున్నారు. నేను మాత్రం కాగితం నిజమైందని ఏడ్చాను.

ఆ సాయంత్రం వాకర్ మడిచి స్కూటీ ముందు పెట్టుకున్నాను. పెద్దమ్మ వాకిలి దాకా వచ్చింది. "ఉంచు బిడ్డా. జర నాల్గు దినాలు ఉండనియ్యి. గంత జల్దీ ఎందుకు?"

"ఇంట్లుంటే మళ్ల దాన్నే పట్టుకుంటడు పెద్దమ్మా. అలవాటు పోదు."

అది పుస్తకాల్లో ఉన్న మాటే, పూర్తిగా తప్పూ కాదు. అయితే వాకర్ ఆ ఇంట్లో కనపడితే నేను రాసింది ఇంకా అబద్ధంగానే ఉన్నట్టు నాకు అనిపించేది. అందుకే తీసుకెళ్లాను.

మూడో రోజు పొద్దున క్లినిక్ తాళం తీస్తుండగా ఆయన కొడుకు ఫోను. పెద్దాయన బాత్రూంలో పడ్డాడు. తనంతట తానే లేచి, ఎవరినీ పిలవకుండా, పన్నెండు అడుగులూ నడిచి, పైపు పట్టుకుని లోపలికి పోయాడట. తన పని తాను చేసుకున్నాడట. తిరిగి వచ్చేటప్పుడు పడ్డాడు. పోయేటప్పుడు కుడివైపు ఉన్న పైపు, వచ్చేటప్పుడు ఎడమవైపు అయింది. ఆ చెయ్యి పట్టుకోదు. ఎత్తు గడప మీద ఎడమ కాలు తట్టుకుంది. ఇది నేను ఫోను చెవి దగ్గర ఉండగానే, కళ్ల ముందు కనపడ్డట్టు అర్థం చేసుకున్నాను. లోపలికి పోవడం గురించి ఆలోచించాను కానీ బయటికి రావడం గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

తుంటి ఎముక విరిగింది. దవాఖానలో ఆపరేషన్ చేశారు. నేను వెళ్లేసరికి పెద్దమ్మ వరండాలో నేల మీద కూర్చుని ఉంది. ఆమె నన్ను తిడుతుందని, తిడితే బాగుండునని వెళ్లాను. "పెద్దమ్మా, వాకర్ నేను..." అని మొదలుపెట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నువ్వేం జేస్తవ్ బిడ్డా. నువ్వు నడిపిస్తివి. తప్పు నాది. ముందటి దినం బట్టలుతికి సబ్బునీళ్లు ఆడనే పారబోసిన. మంచిగ కడగలే. జారిండు."

సబ్బునీళ్లు రాత్రికే ఆరిపోయి ఉంటాయి. జారితే మనిషి వెనక్కి పడతాడు, ఈయన ముందుకు పడ్డాడు. నాకు తెలుసు. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. నేను ఆమె పక్కన కూర్చుని, "ఊకో పెద్దమ్మా" అన్నాను. ఇంకేమీ అనలేదు.

తర్వాతి వారం ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఫోనులోనే, వీడియోలో. బడంగ్‌పేట్‌లో మా ఇంటి ముందు గదిలో తలుపులు వేసుకుని కూర్చున్నాను. మా నాన్న వంటింట్లో చప్పుడు చేయకుండా నిలబడ్డాడు. అవతల ముగ్గురు. ఇద్దరు ఏవో నరాల పేర్లు అడిగారు, చెప్పాను. మూడో ఆమె, పెద్ద వయసు మేడం, నా రిపోర్టు చేతిలో పట్టుకుని అడిగింది. "ఈ పేషెంటు ఇప్పుడెలా ఉన్నారు?"

"బాగున్నారు మేడం. నడుస్తున్నారు." గొంతు వణకలేదు. దాన్ని నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

"ఇక్కడ లక్ష్యం మీరు రాశారు. అసలు ఆయనకు ఏం కావాలన్నారు?"

"నడవాలన్నారు మేడం."

సీటు వచ్చింది. మా నాన్న కాలనీ అంతా మిఠాయి పంచాడు. మేనత్తకు ఫోను చేసి, "ఇగ మాలిష్ గాదు, పెద్ద చదువు" అన్నాడు. నేను ఎదురుచూసిన మాట అదే. అది వినగానే నాకు అన్నం సహించలేదు.

వెళ్లే ముందు తొండుపల్లికి పోయాను, జరిగింది జరిగినట్టు చెప్పేయాలనే పోయాను. పెద్దాయన మంచంలో ఉన్నాడు. ఆపరేషన్ కుట్లు మానాయి గానీ ఆయన లేవలేదు. నేను నేర్పిన నడక నాలుగు వారాల్లో పూర్తిగా పోయింది. కొత్త ఫిజియో వస్తే ముఖం గోడ వైపు తిప్పుకుంటున్నాడట. నన్ను చూసి మాత్రం చెయ్యి చాపాడు. "పుస్తకం తెచ్చినవా? సదువుతనంటివి గద."

బ్యాగులో ఉంది. లేదని చెప్పలేకపోయాను. ఒక్కో ఇంగ్లిషు వాక్యం చూసి తెలుగులో చెప్తూ పోయాను. కూర్చున్నాడు, నిలబడ్డాడు, అడుగు వేశాడు. ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు. పెద్దమ్మ గోడకు ఆనుకుని వింటోంది. ఆఖరి వాక్యం చదవకుండా వదిలేయొచ్చు. అయినా చదివాను. ఎవరి సాయం, ఏ ఆసరా లేకుండా నడుస్తున్నారు.

తర్వాత పెద్దాయన కళ్లు తెరవకుండానే అడిగాడు.

"బాత్రూంకు గూడ పోతున్ననా, అండ్ల?"

ఆ కాగితంలో బాత్రూం అన్న మాటే లేదు. మొదటి రోజు నుంచీ లేదు. నేను దాన్ని రాయలేదు.

"పోతున్నవ్ పెద్దనాయినా" అన్నాను.

ఆయన తల భార్య వైపు తిప్పాడు. "ఇన్నవా? కాయితంల పోతున్న. నువ్వు సబ్బునీళ్లు పారబోయకుంటే ఇంట్ల గూడ పోతుంటి." పెద్దమ్మ తల దించుకుంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నేను కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, బస్సుకు టైం అయిందని లేచాను.

నేను పీజీ రెండో సంవత్సరంలో ఉండగా ఆయన పోయాడు. సార్ ఫోను చేసి చెప్పారు. పరీక్షలు ఉన్నాయని రాలేదు. పరీక్షలు నిజంగానే ఉన్నాయి, అయినా అవి లేకపోతే వచ్చేదాన్నని చెప్పలేను.

చదువయ్యాక శంషాబాద్‌కే వచ్చాను. సార్ సొంతూరికి వెళ్లిపోతూ క్లినిక్ నాకు అప్పజెప్పారు. బోర్డు మీద నా పేరు పక్కన రెండు డిగ్రీలు. మాలిష్ అనే మాట ఇప్పుడూ వింటూనే ఉంటాను, కోపం మాత్రం రావడం లేదు. పనికి పోయేటప్పుడు తొండుపల్లి మలుపు దగ్గర తల అటు తిప్పకుండా పోవడం నేర్చుకున్నాను.

మొన్న చలికాలంలో ఒక మధ్యాహ్నం ఎవరో మెట్లెక్కి వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చున్నారు. నేను అంతకుముందు వచ్చిన పేషెంటు వివరాలు రాస్తూ, తల ఎత్తకుండానే అలవాటుగా అడిగాను. "మీ ఇంట్లో బాత్రూం ఎక్కడుంది?"

"నీకెరుకే గద బిడ్డా."

తల ఎత్తాను. పెద్దమ్మ. జుట్టు మొత్తం తెల్లబడింది. మోకాళ్లు అరిగిపోయి మెట్లెక్కడం కష్టమవుతోంది, శంషాబాద్‌లో ఎవరో మంచిగా చూస్తారంటే వచ్చింది. వచ్చి చూసేదాకా నేనని తెలియదట, బోర్డు చదవడం రాదు కదా. నన్ను చూసి సంతోషపడింది. "చిక్కినవేంది బిడ్డా?" అంది.

నేను లేచి క్లినిక్ తలుపు దగ్గరికి వేశాను. ఆమె ముందు కూర్చుని చెప్పాను, ఈసారి ఆగకుండా. ఆయన జారి పడలేదని, తిరిగి వచ్చేటప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేక పడ్డాడని, గడప సంగతి నేను చూసుకోవాల్సిందని, నా కాగితం కోసం తొందరపెట్టానని, వాకర్ అందుకే తీసుకెళ్లానని. "సబ్బునీళ్లు గాదు పెద్దమ్మా. నీ తప్పేం లేదు. నాకు ఆ దినమే తెల్సు."

ఆమె మోకాలి మీద చీర సర్దుకుంది. కింద బస్టాండులో ఎవరో హైదరాబాద్, హైదరాబాద్ అని అరుస్తున్నారు.

"ఆఖరి ఆర్నెల్లు ఆయన నా చేతి బువ్వ తినలే బిడ్డా" అంది. "సబ్బునీళ్లు పోసి నువ్వే పడగొట్టినవ్ అని నన్ను దగ్గరికి రానియ్యలే. కోడలు పెడితెనే తిన్నడు. నేను గడప అవుతల కూసోని చూసేదాన్ని."

నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. లేచి, బల్ల అంచు పట్టుకుని, ఒక్కో కాలూ మెల్లగా పైకి పెట్టుకుని పడుకుంది.

"ఇగ కరెంటు పెట్టు. నాల్గింటి బస్సుకు పోవాలె" అంది.